నాయన అరబీ, నా అరబీ

రాజంపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా అరబీ నేర్చుకుంటున్నారంటే కువైట్ వీసా వచ్చిందని అర్థం. అందుకే 2012లో నేను హైదరాబాద్‌లో బి.ఏ. అరబిక్‌లో చేరినప్పుడు మా వీధిలో ఎవరికీ అదొక చదువులా కనబడలేదు. "ఆడికి పోతే ఆర్నెల్లకు అదే వచ్చేస్తాది, దానికి మళ్ళా డిగ్రీ ఎందుకప్పా" అన్నారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మా నాయన. ఆయన 1989లోనే కువైట్‌కు డ్రైవరుగా పోయినవాడు. యుద్ధమప్పుడు ఇంటికొచ్చి, అంతా సద్దుమణిగాక మళ్ళీ పోయాడు. సంగతి విని ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దుడ్లిచ్చి నేర్చుకుంటారారా దాన్ని?" అన్నాడు.

నేను కోరుకుని చేరిందీ కాదు. అప్లికేషన్‌లో మొదట స్పానిష్ పెట్టాను, తర్వాత ఫ్రెంచ్. సీటొచ్చింది అరబిక్‌లో. ఇరాక్, యెమెన్, ఒమన్, సూడాన్ నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు పేషెంట్లు వస్తున్నారనీ, అరబిక్ వచ్చినవాళ్ళకు అక్కడ పని దొరుకుతుందనీ హాస్టల్లో ఒక సీనియర్ ధైర్యం చెప్పాడు. సరే, ఉద్యోగం వస్తుంది కదా అని కూర్చున్నాను. నవలలూ కవిత్వమూ చదవాల్సి వస్తుందని అప్పటికి తెలియదు.

మా క్లాసులో సగం మంది మలయాళీలు. కేరళలో బళ్ళోనే అరబిక్ ఒక సబ్జెక్టు. కాలేజీల్లో అఫ్జలుల్ ఉలమా అని దానికి ప్రత్యేకంగా కోర్సే ఉంది. వాళ్ళకు వ్యాకరణం నోటికొచ్చు. ఇంకో పావు వంతు లక్నోలోని నద్వా లాంటి మదరసాల్లో చదివి వచ్చిన యూపీ, బీహార్ అబ్బాయిలు. వాళ్ళు వెయ్యేళ్ళ కిందటి కవులను కళ్ళు మూసుకుని చదివేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు పాతబస్తీ పిల్లలు. అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టాల్సినవాళ్ళం నాలాంటి కొద్దిమందిమి. విచిత్రమేమిటంటే, పాత కవిత్వం అంత బాగా తెలిసిన ఆ మదరసా స్నేహితుల్లో చాలామంది అరబీ నవల ఒక్కటి కూడా చదివి ఉండలేదు. ఆ విషయంలో అందరం ఒకే గీత మీద నిలబడ్డాం. నాకు దక్కిన అదృష్టం అదొక్కటే.

అరబీ అక్షరాలు రావడానికి నెల చాలు. చదవడం రావడానికి ఏళ్ళు పడుతుంది. ఖురాన్‌లోనూ పిల్లల పుస్తకాల్లోనూ తప్ప హ్రస్వ అచ్చుల గుర్తులు వేయరు. మూడు హల్లులు కనబడతాయి. అది క్రియా, నామవాచకమా, ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అనేది వాక్యం చివరిదాకా పోతే గానీ తేలదు. అర్థమైతే తప్ప పైకి చదవలేం, పైకి చదవకపోతే సార్ ఒప్పుకోరు. దీనికి తోడు నిఘంటువు. మేమంతా వాడింది హాన్స్ వేర్ అనే జర్మన్ పండితుడు చేసిన డిక్షనరీ, ఇంగ్లీషు అర్థాలతో. అందులో మాటలు అక్షరక్రమంలో ఉండవు, ధాతువుల కింద ఉంటాయి. "మక్తబా", అంటే గ్రంథాలయం, కావాలంటే మీమ్ (మ అక్షరం) కింద వెతికితే దొరకదు. క, త, బ అనే మూడక్షరాలు అందులోంచి బయటికి తీసి అక్కడికి పోవాలి. అంటే మాట సగం తెలిసినవాడికే ఆ పుస్తకం తలుపు తీస్తుంది. మొదటి ఏడాది నేను దాన్ని తిట్టినంతగా మెస్ సాంబారును కూడా తిట్టలేదు.

అసలు పుస్తకం కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. అందరివీ జిరాక్సులే. క్యాంపస్ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ అన్న చాలా మంచివాడు. కానీ అరబీ పుస్తకానికి స్పైరల్ కుడివైపు వేయాలన్న సంగతి ఆయనకు ఎంత చెప్పినా గుర్తుండేది కాదు. అలవాటుగా ఎడమవైపు గుచ్చేసేవాడు. తెచ్చుకుని తెరిస్తే కథ ఆఖరి పేజీ మొదట వచ్చేది. అతనికి మళ్ళీ పని చెప్పలేక అలాగే వెనక నుంచి తిప్పుతూ చదివేవాళ్ళం. మా హాస్టల్లో యూసుఫ్ ఇద్రీస్ కథలన్నీ అలా తలకిందులుగానే తిరిగాయి. యూసుఫ్ ఇద్రీస్ డాక్టరు. ఈజిప్టు పల్లెల గురించి 1954లో తెచ్చిన మొదటి కథల సంపుటితోనే పెద్ద పేరు తెచ్చుకున్నాడు. బాగా చిన్న కథలు కాబట్టి మాలాంటివాళ్ళకు చేతికందేవి.

సాహిత్యం అసలు రుచి తెలిసింది ఈజిప్టు రచయిత తాహా హుసేన్ ఆత్మకథ "అల్ అయ్యామ్" (రోజులు) దగ్గర. 1889లో ఎగువ ఈజిప్టులో పుట్టాడు. పసితనంలో కళ్ళకు జబ్బు చేస్తే ఊరి మంగలి వైద్యం చేశాడు, చూపు పోయింది. కైరోలోని అజహర్ ఇస్లామిక్ విద్యాలయంలో చదివి, పారిస్ వెళ్ళి, 1950లో దేశానికి విద్యాశాఖ మంత్రి అయ్యాడు. చదువు నీళ్ళలాగా గాలిలాగా అందరికీ ఊరికే అందాలన్నాడు. ఆ పుస్తకంలో తనను తాను "మన మిత్రుడు" అని మూడో మనిషిలా చెప్పుకుంటాడు. ఇంటి దగ్గరి కంచె దాటి లోకం ఎక్కడిదాకా ఉందో ఆ గుడ్డి పిల్లవాడు చెవులతో కొలుచుకునే పేజీలు నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాను. అరబీలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి గద్యం అదే.

ఆయన మీద మా క్లాసులో జరిగినంత గొడవ ఇంకెవరి మీదా జరగలేదు. 1926లో తాహా హుసేన్, ఇస్లాంకు ముందరిదని చెప్పే కవిత్వంలో ఎక్కువ భాగం తర్వాతి కాలంలో కల్పించిందేనని ఒక పుస్తకం రాశాడు. కైరో అట్టుడికింది. కేసు ప్రాసిక్యూటర్ దాకా పోయింది, ఆయన విచారించి వదిలేశాడు. అభ్యంతరమన్న భాగాలు తీసేసి, పేరు కొంచెం మార్చి 1927లో మళ్ళీ వేశారు. మా నద్వా మిత్రుడొకడికి ఆ కవిత్వమే ప్రాణం. "ఇమ్రుల్ ఖైస్ లేడంటే నేనెట్లా ఊరుకుంటాను" అని బల్ల గుద్దాడు. ఇటు మలయాళీ అబ్బాయి పద్యాల్లోని మాండలికాల తేడాలు తీసి వాదన పెట్టాడు. సార్ కిటికీ దగ్గరికి పోయి నిలబడి ఇద్దరినీ కొట్టుకోనిచ్చారు. ఎప్పుడో పోయిన కవుల కోసం మనుషులు అంత కోపం తెచ్చుకోగలరని నేను అప్పుడే చూశాను. మెస్‌లో కూడా అదే గొడవ నడిచింది, కూర అయిపోయిందాకా.

తౌఫీక్ అల్ హకీమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఒకటయ్యాం. ఆయన పల్లెల్లో ప్రాసిక్యూటర్‌గా పనిచేశాడు, ఆ అనుభవంతో 1937లో డైరీ రూపంలో ఒక నవల తెచ్చాడు. కోర్టులో ఇద్దరు జడ్జీలు. ఒకాయనకు కేసులు తెమలవు. ఇంకొకాయనకు కైరో రైలు తప్పిపోతుందని తొందర, విన్నదీ విననిదీ చూడకుండా జరిమానాలు వేసేస్తాడు. కాలువలో బట్టలుతికినందుకు జరిమానా. మరి ఎక్కడ ఉతకాలని రైతు అడిగితే సమాధానం చెప్పేవాడు లేడు, ఎందుకంటే చట్టం ఫ్రాన్స్ నుంచి వచ్చింది, కాలువ ఈజిప్టుది. ఆ పేజీలు చదువుతుంటే నాకు మా ఎమ్మార్వో ఆఫీసు వరండా కనబడింది. పాస్‌బుక్కు కోసం మా అమ్మ అక్కడ ఎన్నిసార్లు కూర్చుందో నాకు తెలుసు. బీహార్ అబ్బాయికి వాళ్ళ బ్లాక్ ఆఫీసు కనబడిందట. క్లాసులో ఎవరూ డిక్షనరీ తీయకుండా నవ్విన పుస్తకం అదొక్కటే.

నజీబ్ మహ్‌ఫూజ్ సంగతి వేరు. 1988లో నోబెల్ వచ్చింది కాబట్టి ఆయన్ని వదిలిపెట్టి సిలబస్ ఉండదు. కానీ ఆయన పేరుపొందిన కైరో నవలలు మూడూ కలిపితే వెయ్యి పేజీలు దాటుతాయి. పరీక్షకు మొదటి నవల్లోంచి రెండు మూడు అధ్యాయాలు పెట్టారు. మిగతాది నోట్సు. పుట్టింది 1911, పోయింది 2006, రచనలు ఇవి, లక్షణాలు అవి అని బట్టీ పట్టడమే. మన దగ్గర సాహిత్య చరిత్రకు పట్టిన జబ్బే అక్కడా ఉంది. నేను వేసవి సెలవుల్లో పంతం పట్టి మొదటి నవల ఇంటికి తీసుకుపోయాను. మూడింటికీ పేర్లు పాత కైరో వీధులవే. అమీనా అనే ఇల్లాలు అర్ధరాత్రి లేచి, కిటికీ జాలీ వెనక నిలబడి, బయట విలాసాలు ముగించుకుని వచ్చే మొగుడి కోసం ఎదురుచూడటంతో కథ మొదలవుతుంది. ఆ మొగుడు సయ్యిద్ అహ్మద్ ఇంట్లో పులి, బయట రసికుడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆమె ధైర్యం చేసి హుసేన్ మసీదుకు పోయి వస్తూ కారు తగిలి ఎముక విరగ్గొట్టుకుంటుంది. నయమయ్యాక ఆ మొగుడు ఆమెను ఇంట్లోంచి పంపేస్తాడు. మా క్లాసు మగపిల్లల్లో చాలామంది సయ్యిద్ అహ్మద్‌ను గొప్ప పాత్ర అని మెచ్చుకున్నారు. పాత్ర గొప్పదే. క్లాసులో ఉన్న ముగ్గురమ్మాయిల్లో ఒకామె మాత్రం "మీరందరూ ఆయన్ని మెచ్చుకుంటున్న తీరు చూస్తే నాకు భయంగా ఉంది" అంది. ఎవరూ మాట్లాడలేదు.

మా ఇంట్లో నేను ఆ పుస్తకం చదువుతుంటే మా అమ్మ కథ చెప్పమంది. విని, "మొగుడు ఇంట్లో ఉంటే అట్ల, లేకుంటే ఇట్ల" అని, పాలు పిండడానికి పోయింది. పొలం, అప్పులు, పిల్లల ఫీజులు, అన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. మా వైపు ఇంటికొక అమ్మ అలాగే ఉంది. వాళ్ళ మీద నవల రాయాలంటే ఎవరు రాయాలో నాకు తెలియదు గానీ మహ్‌ఫూజ్‌కైతే చేతకాదు.

మహ్‌ఫూజ్ పాత్రలు కూరగాయల బేరం కూడా గ్రాంథిక అరబీలోనే ఆడతాయి. ఆయన పట్టుబట్టి మాండలికాన్ని దగ్గరికి రానివ్వలేదు. యూసుఫ్ ఇద్రీస్ సంభాషణలు కైరో వీధి భాషలో రాశాడు. తౌఫీక్ అల్ హకీమ్ రెంటికీ మధ్యన మూడో భాష ఒకటి చేద్దామన్నాడు. రాతకు ఫుస్‌హా, మాటకు ఆమ్మియ్యా, వీటిలో కథ దేంట్లో రాయాలి అన్నది వందేళ్ళుగా తేలని తగాదా. దీన్ని సార్ ఒక గంట సేపు వివరించబోతే నేను చేయెత్తి గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పాను. వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటం, పండితులు పట్టిన పట్టు, చివరికి పత్రికలూ పాఠాలూ మాట్లాడే తెలుగులోకి రావడం అన్నీ చెప్పాను. మలయాళీ మిత్రులు శ్రద్ధగా విన్నారు. సార్ మాత్రం, "మీకు ఒక రాష్ట్రం. వీళ్ళకు మొరాకో నుంచి ఒమన్ దాకా ఇరవైకి పైగా దేశాలు. గ్రాంథికం వదిలేస్తే ఒకరి కథ ఒకరు ఎలా చదువుతారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

నాయన మాత్రం ఈ తగాదా ఎప్పుడో తేల్చేశాడు. నేను ఫోన్‌లో గొప్పగా "కైఫ హాలుక యా అబీ" (ఎలా ఉన్నావు నాయనా) అంటే ఆయన పగలబడి నవ్వేవాడు. "ష్లోనక్ అనరా. అట్ల మాట్లాడేది టీవీలో వార్తలోడు" అనేవాడు. ఆయనకు ఖహ్వా (కాఫీ) గహ్వానే. "వేన్" (ఎక్కడ), "శునూ" (ఏమిటి), "శువయ్య శువయ్య" (మెల్లమెల్లగా), "ఖల్లాస్" (అయిపోయింది), "మాఫీ ముష్కిల్" (ఇబ్బందేం లేదు) ఇవీ ఆయన పెట్టుబడి. క్రియలకు కాలం, లింగం, వచనం ఏవీ ఉండేవి కావు. "ఇంతా రూహ్" (నువ్వు పో) అని తన కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కొడుకును కూడా అదిలించేవాడట. ఆ అరబీతో ఆయన ఇల్లు కట్టాడు, అక్క పెళ్ళి చేశాడు, నన్ను చదివించాడు. నేను పరీక్షల్లో తొంభై తెచ్చుకునే అరబీతో ఒక చాయ్ కూడా అడగలేకపోయేవాణ్ణి.

ఎం.ఏ.లో ఆధునిక కవిత్వం ఒక పేపరు. ఇరాక్ కవయిత్రి నాజిక్ అల్ మలాయికా 1947లో, ఈజిప్టు కలరా చావుల గురించి రాసిన కవితతో పాత రెండు పాదాల పద్యం కట్టు తెంచింది. అదే సమయంలో బద్ర్ షాకిర్ అల్ సయ్యాబ్ కూడా ఆ పనే చేశాడు. ఎవరు ముందన్న కొట్లాట ఇంకా ఉంది. ఛందస్సు పూర్తిగా వదల్లేదు వాళ్ళు. గణం ఉంచి, పాదానికి ఇన్ని గణాలే ఉండాలన్న లెక్క మాత్రం వదిలేశారు. గురజాడ 1910లో ముత్యాల సరంతో నడక మార్చిన సంగతి తెలిసినవాడికి ఇందులో ఆశ్చర్యం ఉండదు, ఆనందం ఉంటుంది.

సయ్యాబ్ వాన పాటను మా సార్ పుస్తకం చూడకుండా చెప్పారు. మతర్ అంటే వాన. "మతర్... మతర్... మతర్" అని మధ్య మధ్యలో చినుకుల్లా ఆ మాట పడుతుంది. బస్రా దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, ప్రభుత్వానికి భయపడి పారిపోయి, కొన్నాళ్ళు కువైట్‌లో తలదాచుకున్నవాడు. ఆ కవితలో గల్ఫ్ సముద్రాన్ని పిలిచి, ముత్యాలూ గవ్వలూ చావూ ఇచ్చేదానా అంటాడు. ప్రతిధ్వని తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు గవ్వలూ చావూ ఉంటాయి, ముత్యాలు ఉండవు. అది విన్నప్పుడు నాకు మా పక్క ఊళ్ళోకి కువైట్ నుంచి పెట్టెలో వచ్చిన మనిషి గుర్తొచ్చాడు. పేరు చెప్పను. వాళ్ళింట్లో ఇంకా అప్పు తీరలేదు. వాన పడినా ఇరాక్‌లో ఆకలి లేని ఏడు లేదని కూడా ఆ కవితలో ఉంది. సీమవాడికి దాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. తర్వాత 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మా వైపు ఊళ్ళను ఊడ్చుకుపోయిన రోజున కూడా నాకు ఆ మూడు "మతర్"లే చెవుల్లో మోగాయి. సయ్యాబ్ 1964 డిసెంబర్‌లో కువైట్‌లోనే ఆసుపత్రిలో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు.

ఇక గస్సాన్ కనఫానీ. పాలస్తీనాలోని అక్కాలో 1936లో పుట్టాడు, 1948లో ఇల్లు వదిలిపోయిన కుటుంబం, తర్వాత కువైట్‌లో కొన్నేళ్ళు బడిపంతులు. 1972 జులైలో బీరూట్‌లో కారుకు బాంబు పెట్టి చంపేశారు, పక్కనున్న మేనకోడలు కూడా పోయింది. 1963లో వచ్చిన ఆయన చిన్న నవల "రిజాల్ ఫిష్షమ్స్" (ఎండలో మనుషులు) మాకు మొత్తం పాఠం. ముగ్గురు పాలస్తీనా మనుషులు, ఒక ముసలాయన, ఒక యువకుడు, ఒక పిల్లాడు, పని కోసం బస్రా నుంచి కువైట్‌కు దొంగతనంగా పోవాలి. అబుల్ ఖైజురాన్ అనే డ్రైవరు వాళ్ళను ఖాళీ నీళ్ళ ట్యాంకరులో దాచి తీసుకుపోతాడు. చెక్‌పోస్టు దగ్గర మూత మూస్తాడు. ఒకచోట గండం గడుస్తుంది. రెండోచోట ఆఫీసు గుమాస్తాలు ఎవరో నాట్యకత్తె పేరుతో ఆట పట్టిస్తూ వాణ్ణి ఆలస్యం చేస్తారు. వచ్చి మూత తీసేసరికి ముగ్గురూ చనిపోయి ఉంటారు. ట్యాంకు గోడలు ఎందుకు కొట్టలేదని వాడు ఎడారిలో అరుస్తాడు. నవల అంతే.

ఆ రాత్రి ఐఎంఓ కాల్‌లో నాయన దొరికాడు. ఏం చదువుతాండావని ఎప్పుడూ అడిగేవాడు, నేను ఏదో చెప్పి దాటేసేవాణ్ణి. ఆరోజు కథ మొత్తం చెప్పాను. ఆయన డ్రైవరు కాబట్టి డ్రైవరులాగే విన్నాడు.

"ట్యాంకరు దేంది, నీళ్ళదా?"

"నీళ్ళదే నాయనా. ఖాళీది."

"ఏ నెల?"

"ఆగస్టు."

"ఏ దారి?"

"సఫ్వాన్ దగ్గర ఒక చెక్‌పోస్టు, తర్వాత మత్లా."

కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆయన నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక ఆయన ఆ దారినే బస్సులో బయటపడ్డాడు. మత్లా గుట్ట, సఫ్వాన్, బస్రా, బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దులో డేరాలు, అమ్మాన్‌లో విమానం. లక్షా డెబ్బై వేలకు పైగా మనవాళ్ళను అలా అమ్మాన్ మీదుగా తెచ్చారని నేను పేపర్లలో చదివాను. అందులో మా నాయన ఒకడని తెలుసు గానీ, ఆ దారి ఎట్లా ఉండిందో ఎప్పుడూ అడగలేదు. "బస్సు ఎండలో నిలబడిపోతే కిటికీ రేకు ముట్టుకోలేకపోతిమి. నీళ్ళ సీసా ఒకరి నుంచి ఒకరికి పోతాంటే అందరూ దాన్నే చూస్తాండ్రి" అన్నాడు. తర్వాత తన తీర్పు చెప్పాడు. "కొట్టింటారు రా. అట్లాంటప్పుడు కొట్టకుండా ఎవరుంటారు? ఏసీ రూములో కూసున్నోళ్ళకు వినపడుండదు. అంతే."

మరుసటి రోజు క్లాసులో ఆ మాట అన్నాను. వాళ్ళు కొట్టకపోవడం ఒక జాతి మౌనానికి ప్రతీక అని మా నోట్సులో ఉంది, విమర్శకులందరూ అలాగే రాశారు. నద్వా మిత్రుడు, "మీ నాన్నగారు ప్రతీకను పట్టించుకోలేదు" అన్నాడు. నిజమే, పట్టించుకోలేదు. కానీ తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, 1972లో తౌఫీక్ సాలిహ్ ఆ నవలను సినిమా తీసినప్పుడు ముగింపు మార్చాడు. అందులో వాళ్ళు గోడలు కొడతారు. ఆఫీసు ఏసీల రొదలో ఎవరికీ వినపడదు. ఆ సినిమా యూట్యూబ్‌లో చూసి, ఆ చోటు రాగానే ఆపేసి, నాయనకు ఫోన్ చేశాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "తీసినోడు ఎండలో తిరిగినోడే అయ్యుంటాడు" అన్నాడు. పరీక్షలో మాత్రం ప్రతీక అనే రాశాను. మార్కులు కావాలి కదా.

ఆ రోజుల్లోనే సనా నుంచి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన యెమెన్ అబ్బాయి ఒకడు మా పక్క గదిలో ఉండేవాడు. నేను వాడికి ఇంగ్లీషు వ్యాసాలు దిద్దేవాణ్ణి, వాడు నాకు అరబీ పలుకు దిద్దేవాడు. వాళ్ళ తాతగారి దగ్గర "హైదరాబాద్ అద్దకన్" అని అచ్చువేసిన హదీసు పుస్తకాలు ఉండేవట. ఆ ఊరు ఎక్కడో ఉందని చిన్నప్పుడే తెలుసట. అవి 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసినవి, ఉస్మానియా క్యాంపస్‌లోనే దాని ఆఫీసు. ఒకరోజు తీసుకుపోయి చూపించాను. అక్కణ్ణుంచి బార్కాస్ పోయాం. నిజాం కొలువులో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల వారసుల పేట అది. వాడు ఒక ముసలాయన ఇంటిపేరు అడిగి తెలుసుకుని, ఆ కుటుంబం తమ దేశంలో ఏ లోయలో ఉందో చెప్పాడు. ముసలాయన మా దగ్గర మండీ భోజనం డబ్బులు తీసుకోనివ్వలేదు.

నాకు పరీక్షల తర్వాత దొరికిన మొదటి పని సీనియర్ చెప్పినట్టే ఒక పెద్ద ఆసుపత్రిలో. ఎక్కువగా ఇరాకీ పేషెంట్లు. నసీరియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని నేను విభక్తులన్నీ చక్కగా పలుకుతూ, నొప్పి ఎచ్చట గలదు అన్నట్టు అడిగాను. ఆయన కొడుకు వైపు తిరిగి, "వీడు కార్టూన్ చానల్ భాష మాట్లాడుతున్నాడు" అన్నాడు. పిల్లల కార్టూన్లను అరబ్బు దేశాల్లో ఫుస్‌హాలో డబ్ చేస్తారు మరి. నేను నాయనను తలుచుకుని, "ష్లోనక్ హజ్జీ? వేన్ యోజఅక్?" అన్నాను. పెద్దాయన ముఖం వెలిగింది. కువైట్ మాటా దక్షిణ ఇరాక్ మాటా పక్కపక్క ఇళ్ళవి. ఆ తర్వాత నేను ఆ ఆసుపత్రిలో నెట్టుకొచ్చింది సగం నాయన అరబీతోనే. అయితే ఆ పెద్దాయనకు సయ్యాబ్ వాన పాట మొత్తం నోటికొచ్చు. డ్రిప్ ఎక్కుతుండగా ఆయన ఒక పాదం అంటే నేను తర్వాతది అందుకున్నాను. నర్సమ్మ మమ్మల్ని వింతగా చూసింది. దానికి మాత్రం నా అరబీయే అక్కరకొచ్చింది.

మా సిలబస్ 1970ల దగ్గర ఆగిపోయింది. 2014లో అహ్మద్ సాదావీ బాగ్దాద్ బాంబు పేలుళ్ళ మీద రాసిన నవలకు అరబ్బు ప్రపంచంలో పెద్ద బహుమతి వచ్చింది. మేం అదే ఏడాది వందేళ్ళ కిందటి వ్యాసాలకు నోట్సు రాసుకుంటున్నాం. 2019లో ఒమన్ రచయిత్రి జోఖా అల్ హార్తీకి మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఒక రాత్రంతా మోగింది. ఆమె పేరు మా క్లాసులో ఒక్కసారి కూడా వినలేదు. ఆ రోజు సయ్యిద్ అహ్మద్ గురించి భయమేస్తోందన్న అమ్మాయే మొదట ఆ నవల తెప్పించి చదివింది, ఇప్పుడు మలప్పురం దగ్గర బళ్ళో అరబిక్ టీచరు. నద్వా మిత్రుడు రియాద్‌లో అనువాదకుడు. ఇమ్రుల్ ఖైస్ మీద గొడవ గ్రూపులో ఇంకా ఏడాదికొకసారి లేస్తుంది.

నాయన పని మానేసి ఇంటికొచ్చేశాడు. మోకాళ్ళ నొప్పులు, సాయంత్రాలు అరుగు మీదే. ఊరికి పోయినప్పుడల్లా ఏదో ఒక కథ చెప్పమంటాడు. ఈ మధ్య అబ్దుర్రహ్మాన్ మునీఫ్ "ముదునుల్ మిల్హ్" (ఉప్పు నగరాలు) మొదటి భాగం, 1984లో వచ్చింది, పేజీ పేజీ తెలుగులో చెబుతున్నాను. చమురు దొరికాక ఎడారి పల్లెలు ఎలా చెదిరిపోయాయో చెప్పే నవల. రాసినాయన పౌరసత్వం సౌదీ ప్రభుత్వం తీసేసుకుంది. అందులో అకూబ్ అని ఒక ఆర్మీనియన్, రాజీ అని ఇంకొకడు, ఒకే దారిలో లారీలు తోలే ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. మొదట ఒకరంటే ఒకరికి పడదు. తర్వాత ప్రాణ స్నేహితులవుతారు. వాళ్ళొచ్చినప్పటి నుంచి నాయనకు మిగతా ఎవరూ పట్టడం లేదు. అమీరు కొత్తగా వచ్చిన టెలిస్కోపుతో పడే సంబరం చాలా సరదాగా ఉంటుంది, నేను ఆ భాగం నాటకీయంగా చదవబోతే చేయి అడ్డం పెట్టాడు.

"అమీరు సంగతి నాకేంటికిరా. ఆయన్ని నేను ముప్పై ఏండ్లు ముందు సీట్లో కూసోని చూసినా. ఆ లారీలు ఏమైనాయో అది చెప్పు."